నోట్లో ఊరిన నీళ్ళు

కరోనా రెండో ఏడు, సముద్రంలో చేపల వేట నిషేధం రేపోమాపో ముగుస్తుందనగా, నన్ను కాకినాడ చేపల రేవు దగ్గర పరీక్షా కేంద్రానికి వేశారు. నేను ల్యాబ్ అటెండర్ని. నాపైన టెక్నీషియన్లు, వాళ్ళపైన డాక్టరమ్మ. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. గోడమీద ‘లాలాజలం ఇవ్వండి’ అన్న బోర్డు కూడబలుక్కుని చదివాను. అది రాసినవాడు రేవు మొహం చూసి ఉండడు; ఆ మాట అక్కడెవరికీ తెలీక, ఉమ్మి అనే చెప్పాం.

ముక్కులో పుల్ల పెట్టే పని లేదు. ఎవరి ట్యూబులో వాళ్ళు ఉమ్మి ఇస్తే, ల్యాబ్‌లో యంత్రం టిప్పులనే సన్నని గొట్టాలతో ఒక్కోదాంట్లోంచి చుక్క పీల్చి, అరల ప్లేటులో వరసగా వేస్తుంది. ఒక్కపూటలో వందల మందిని చూడొచ్చు. పడవలో అందరి ఫలితాలూ వస్తేనే ఆ పడవ కదలాలి.

మొదటి విడతకే యంత్రం ఆగిపోయింది. టిప్పుల నిండా చిక్కటి కళ్ళె. ప్లేటు మొత్తం పారేశాం. రేవువాళ్ళకు ఉమ్మి పరీక్షంటే క్షయ పరీక్షే. అందుకని ఖాండ్రించి మరీ ఇచ్చారు.

మళ్ళీ రమ్మనేసరికి వరసలో ముందున్న పోలమ్మ విరుచుకుపడింది. ఆ రాత్రితో నిషేధం ముగుస్తుందని ఆమె పెనిమిటి పడవలోకి అప్పటికే ఐసు ఎక్కించేశారు.

“అయ్యబాబోయ్, నిండా ఇచ్చాం కదండీ! మళ్ళీ ఏంటి? మీ మిషనుకి అరగలేదా?”

“కళ్ళె వద్దమ్మా. నోట్లో ఊరే నీళ్ళు చాలు,” అన్నాను.

“ఊరికే ఊరుతాయేంటండి? పచ్చిమామిడికాయ, ఉప్పూకారం తెచ్చిపెట్టండి!”

వరసంతా నవ్వింది. తినకూడదు, తలుచుకోండి చాలని డాక్టరమ్మ చెప్పింది. దూరదూరంగా కూర్చున్న జనం మాస్కులు దించి కళ్ళు మూసుకున్నారు. ఉప్పుగాలికి పడవలు ఒకదాన్నొకటి మెల్లగా ఒరుసుకుంటున్నాయి. ఎవరు ఏ చెట్టు కాయ కొరుకుతున్నారో, ముసలివాళ్ళ దవడలు కూడా సన్నగా కదిలాయి. రేవంతా కలిసి ఒకే కల కంటున్నట్టుంది. నాకూ నోరూరింది. ట్యూబుల్లోకి తేటనీళ్ళు జారాయి.

సాయంత్రానికి ఫలితాలొచ్చాయి. అదే పడవలో వెళ్ళాల్సిన పోలమ్మ మరిదికి దగ్గూ జ్వరం ఏమీ లేవు, కరోనా మాత్రం ఉంది. అతన్ని ఒడ్డున ఆపేశారు.

“ఓ మనిషి తగ్గితే తగ్గాడు. అందరికీ అంటించుకుని నడిసముద్రంలో ఏం చేస్తారు?” అని పోలమ్మే మొగుణ్ణి పడవెక్కించింది.

ఎంత వేగమైన యంత్రమైనా మనం ఇచ్చిందే పీలుస్తుంది. ఆ తరవాత ఏ కేంద్రంలో పనిచేసినా, ట్యూబు చేతికిచ్చే ముందు అందులో ఏం పడాలో వాళ్ళచేతే చెప్పించేవాణ్ణి. చెప్పలేకపోతే ఇచ్చేవాణ్ణి కాదు.