చిటికెన వేలంత కన్నం

మొన్న కొండాపూర్‌లో మా అల్లుడు నన్నొక షోరూముకి తీసుకెళ్లాడు. కారు వెనక తగిలించుకుని కొండలూ అడవులూ తిరిగే ట్రైలరు కొంటాడట. అందులోనే పడక, పొయ్యి, సింకు. ఇంట్లో మంచం ఉండగా అడవికెళ్లి పడుకుంటాననే వాడికి నేను చెప్పే సలహా ఏముంటుంది? కానీ "మీకు ఇనుము సంగతి తెలుసు కదా మావయ్యా, ఫ్రేము గట్టిదో కాదో మీరే చూడండి" అన్నాడు. అంతా బాక్సు పైపేనండీ అని అమ్మేవాడు గొప్పగా చెబుతుంటే, నేను ఆ నున్నటి గచ్చు మీద మోకాళ్లూని ట్రైలరు కిందికి చెయ్యి పోనిచ్చి తడమసాగాను. మా అల్లుడు సిగ్గుపడి అటు తిరిగి నిలబడ్డాడు. నేను వెతుకుతున్నది చిటికెన వేలంత కన్నం.

మా మేనమామ గోదావరి వైపు నుంచి వచ్చి మూసాపేటలో వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. ట్రాక్టరు వెనక లాగే నీళ్ల ట్యాంకర్లు చేసేవాడు. మాదాపూర్‌లో గాజు మేడలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. వాటికి నీళ్లు కావాలి, చేరడానికి మాత్రం రోడ్డు లేదు. అన్నీ బండరాళ్లు, ఎగుడుదిగుళ్లు. మామయ్య ఏ ఇనుమునైనా సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని మరీ కొనేవాడు. ఉద్యోగం దొరక్క తన దగ్గర చేరిన నా డిప్లొమాని కూడా అలాగే తట్టి చూసుంటే బాగుండేది.

ఒకరోజు పాలమూరు మనిషి ఒకతను భార్యతో వచ్చాడు. ట్రాక్టరు ఉంది, ట్యాంకరు చేయించాలి. "బండి గట్టిగ ఉండాలె సేటు. గుట్ట ఎక్కేటప్పుడు మా ఆమె రాయి వట్టుకొని ఎనకనే నడుస్తది. బండి జారితే టైరు కింద రాయి వెట్టాలె గద" అన్నాడు. ఆవిడ పక్కనున్న పాత ట్యాంకరు వెనక్కి వెళ్లి, తాను నడిచే చోటు ఎంత ఉందో చూసుకుంది.

ట్యాంకరు కింది ఫ్రేముకి మామయ్య ఛానల్ ఇనుము వేద్దామన్నాడు. ఒక పక్క తెరిచే ఉంటుంది కాబట్టి తుప్పు పడితే కంటికి కనబడుతుందని ఆయన లెక్క. నేను పుస్తకం తెరిచాను. నాలుగు వైపులా మూసుకున్న బాక్సు పైపు మెలి తిరగదనీ, తేలికనీ రెండు రోజులు వాదించాను. చదువుకున్నవాణ్నని మామయ్యకు నా మీద గౌరవం, అదే కొంప ముంచింది. "సరేరా. కానీ అతుకుల సందుల్లోంచి దిగే నీళ్లు దాని పొట్టలో నిలవకూడదు. ట్రాక్టరుకి తగిలించే కొస అన్నిటికంటే కిందికి ఉంటుంది, అక్కడో కన్నం వదులు" అని చెప్పి, పెళ్లికని ఊరెళ్లాడు. రంగు వేయించే రోజున ఆ కన్నం నాకు అసహ్యంగా కనిపించింది. చిన్న రేకు ముక్క పెట్టి వెల్డింగ్ చేయించి, పైన ఎర్ర రంగు పూయించాను. తిరిగొచ్చిన మామయ్య బండిని మెచ్చుకున్నాడు. నేను నోరు విప్పలేదు.

రెండు వానాకాలాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆ పాలమూరు మనిషి షాపుకి ఫోన్ చేశాడు. "సారూ, బొక్కకు దెబ్బ తాకింది, జల్ది రా" అన్నాడు, పెట్టేశాడు. మా వైపు బొక్క అంటే కన్నమే. నేను మూయించిన సంగతి పట్టేశాడనుకుని, గుట్టు చప్పుడు కాకుండా కన్నం వేసి వచ్చేద్దామని డ్రిల్లు పెట్టె స్కూటరు మీద పెట్టుకుని బయల్దేరాను. వాళ్ల వైపు బొక్క అంటే ఎముక అని గుట్ట మీదికి వెళ్లాకే తెలిసింది. ఎక్కుతుండగా ముందు కొస విరిగి ట్యాంకరు వెనక్కి దొర్లింది. ఆవిడ రాయి పెట్టింది, చక్రం రాయినెక్కి ఆవిడ కాలునీ ఎక్కింది. చీర చుట్టిన ఆ కాలి పక్కన నేను డ్రిల్లు పెట్టెతో నిలబడ్డాను.

దవాఖానలో మోకాలి వరకు తీసేశారు. మర్నాడు మామయ్య గుట్ట మీదికి వచ్చి విరిగిన పైపులో వేలు పెట్టాడు. తుప్పు బురదలా వచ్చింది. కింద తడిమి రేకు ముక్కను పట్టుకున్నాడు. నా వంక చూశాడు. తర్వాత ఆవిడ భర్తతో, "తప్పు నాదేనయ్యా. ఆ కన్నం నేనే మూశాను" అన్నాడు. అతను మామయ్య కాలర్ పట్టుకుని ఏడ్చాడు. నేను పక్కనే ఉన్నాను. నేనంత పిరికివాణ్ని. మామయ్య ఆ తర్వాత ట్యాంకర్లు చేయలేదు, ఆ ప్రస్తావన నా దగ్గర ఎన్నడూ తేలేదు. ఆయన పోయేదాకా అలాగే గడిచింది.

షోరూములో ట్రైలరుకి కన్నం దొరికింది. "మంచిదే, కొనుక్కో" అన్నాను. తిరిగొస్తూ ఆ గుట్ట కోసం చూశాను. చదును చేసి ఎప్పుడో మేడలు కట్టేశారు. ఆ దంపతులు సొంతూరు వెళ్లిపోయారని విన్నాను, ఏ ఊరో నేను అడగలేదు. ఆ రోజు నిజం చెప్పడానికి ఒక్క నిమిషం సరిపోయేది; ఇప్పుడు రోజులకు రోజులు నా చేతిలో ఖాళీగా ఉన్నాయి, చెప్పడానికి ఎదురుగా మనిషి లేడు.