సరస్సు ఒడ్డున దూలమున్న ఇల్లు

చదువుకోవడానికి జర్మనీలోని గార్చింగ్ వెళ్లి, చదువైపోయాక అక్కడే కొలువులో కుదిరి, ఈ మధ్యనే తండ్రి కూడా అయిన మా అన్న మనవడు మొన్న పొద్దున ఫోన్ చేసి, చంటిపిల్లను తీసుకొని నాలుగు ఊళ్లు తిరిగిరావడానికి పోతున్నామని, తోపుడుబండి, పాలసీసాలు, దోమతెర అన్నీ సర్దుకున్నామని, ఇంకేమైనా మరిచిపోయామేమో చెప్పమని అడిగాడు. దిగబోయే ఇంటి పైకప్పు చూసుకున్నావా అన్నాను. వాడు నవ్వాడు. వాడికి తెలియకపోవడం వాడి తప్పు కాదు గానీ, పిల్లల్ని చీర తొట్టెలలో ఊపి పెంచిన నా ఈడు వాళ్లకు, ఒక్క దూలం కోసం మా ఇల్లంతా ఎంత తల్లడిల్లిందో చెబితే నవ్వరనే అనుకుంటున్నాను.

అప్పట్లో నా బిడ్డ వాల్డార్ఫ్ దగ్గర ఉండేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అల్లుడు ఇల్మెనౌలో మాస్టర్స్ ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. మన పిల్లలు ఆ దేశానికి గుంపులు గుంపులుగా పోవడం మొదలైన కాలమది; ఏ రైలుపెట్టె ఎక్కినా ఎవరో ఒకరు ఇల్లు దొరకలేదనో, సర్కారు ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరకలేదనో ఫోన్‌లో తెలుగులో మొత్తుకుంటూ వినపడేవారు. మా వాళ్ల సంసారం మొత్తం నా బిడ్డ ఉద్యోగానికి ఇచ్చిన బ్లూకార్డు వీసా మీదనే నిలబడి ఉంది. ఆమె కాన్పు సెలవు అయిపోవస్తోంది. మొదట అల్లుడి తల్లి వచ్చి పురుడు చూసి, వీసా గడువు తీరి వెళ్లిపోయింది. నా భార్య అప్పటికే లేదు గనుక తర్వాతి వంతు నాది. మగవాడు కూతురింట్లో నెలల తరబడి ఉండడమేమిటని మా ఊళ్లో అన్నవాళ్లున్నారు. అన్నవాళ్లెవరూ పిల్లను ఎత్తుకోవడానికి రాలేదు.

అది అద్దె ఇల్లు, పైకప్పుకు కొక్కెం కొట్టనివ్వరు. అల్లుడు కసరత్తు చేసుకుందామని గది గుమ్మానికి అడ్డంగా ఒక ఇనుప కడ్డీ బిగించుకొని, బిగించిన మర్నాడే కసరత్తు మానేశాడు. దానికి పాత నూలుచీర కట్టి తొట్టెల చేశాను. బతుకంతా లారీకి తాళ్లు బిగించినవాణ్ణి, నా ముడి జారదు. ఆ గుమ్మంలో నుంచి పోవాలంటే ఎవరైనా వంగి పోవాల్సిందే. నాకు జోలపాటలు రావు. అందుకని కామారెడ్డి, భిక్కనూరు, రామాయంపేట, చేగుంట, తూప్రాన్ అంటూ నేను బండి నడిపిన దారిలోని ఊళ్లనే రాగం తీసి పాడేవాణ్ణి. అక్షరాలు కూడా నేను పెద్దయ్యాక ఆ దారిపక్క బోర్డుల మీదనే కూడబలుక్కున్నాను. మనవరాలు మేడ్చల్ దాకా ఎన్నడూ మెలకువగా లేదు.

చిక్కు కీటాలో మొదలైంది. కీటా అంటే ఉద్యోగాలకు పోయే తల్లిదండ్రులు పసిపిల్లల్ని పగటిపూట దింపిపోయే చోటు. ఎంతో ఎదురుచూస్తే దొరికిన సీటు అది. చూడడానికి వెళ్లినప్పుడు అక్కడి ఆవిడ, పిల్లలందరూ మధ్యాహ్నం పరుపుల మీద వాళ్లంతట వాళ్లే నిద్రపోతారని, మీ పాపకు అలవాటు ఉంది కదా అని అడిగిందట. నా బిడ్డ ఉందని చెప్పి వచ్చింది. ఇంటికి వచ్చి తొట్టెల వైపు చూసి కూర్చుండిపోయింది. పిల్ల కీటాలో నిద్రపోకపోతే ఆమె ఉద్యోగంలో తిరిగి చేరలేదు. ఆమె చేరకపోతే ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. నా వీసా కూడా ఆ నెలాఖరుతో సరి.

అట్లాంటి సమయంలో ఊరు తిరగడమేమిటని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. అక్కడ ఎవరు ఎవరిని కలిసినా ఉర్లాబ్‌కు ఎక్కడికి పోతున్నారని అడుగుతారు, అంటే సెలవులకన్నమాట. పోవడం లేదంటే ఇంట్లో ఎవరికో జబ్బు చేసినట్టు జాలిగా చూస్తారు. పైగా నా బిడ్డ చలికాలమంతా నాలుగు గోడల మధ్య గడిపి పాలిపోయింది. ఉద్యోగంలో చేరేలోగా అందరం కలిసి బవేరియాలో ఏదైనా సరస్సు ఒడ్డున కొన్నాళ్లు ఉండి రావాలని, జర్మనీ వచ్చి ఏమీ చూడని నాకు కొండలు చూపించాలని ఆమె పట్టుబట్టింది.

రోజూ సాయంత్రం అల్లుడు లాప్‌టాప్ ముందు పెట్టుకొని ఒక్కో ఇంటి ఫొటోలు తిప్పేవాడు. నేను పక్కన కూర్చొని పైకప్పులు చూసేవాణ్ణి.

“మామా, సరస్సు చూడమంటే సీలింగు చూస్తరేంది?”

“సరస్సుకు తొట్టెల కడ్తవా అల్లుడా?”

చివరికి ఒక ఇల్లు దొరికింది. పాతకాలపు కట్టడం, హాలు నిండా నల్లటి లావుపాటి దూలాలు. ఏనుగును కట్టినా ఆగేటట్టున్నాయి. అల్లుడు అప్పటికప్పుడే ఖాయం చేశాడు. నా బిడ్డ మాత్రం అడగకుండా తొట్టెల కట్టడం మర్యాద కాదని ఆ ఇంటి ఓనరమ్మకు రాసింది. ఆవిడ జవాబు మర్నాడే వచ్చింది: అవి దూలాలు కావు, అందానికి అంటించిన బోలు చెక్కలు, దయచేసి వాటికి బట్టలారేసే తాడు కూడా కట్టవద్దు.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో అన్నం ఎవరికీ సయించలేదు. “అడగకుంటే ఏమైతుండె? గా చెక్క పిల్ల మీద పడుతుండె!” అని బిడ్డ లేచింది. “తొట్టెల లేకుంటే పండని పిల్లను తయారుచేసింది ఎవరు? రేపు కీటాల ఎవరొచ్చి కడ్తరు?” అని అల్లుడు అనేశాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు గానీ మాట బయటికి వచ్చేసింది. నేనేం తల వంచుకోలేదు. నీ పెళ్లాన్ని పెంచింది కూడా తొట్టెలలోనే, ఆమె ఇప్పుడు తొట్టెలలో పండుకుంటుందా అన్నాను.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు పిల్లను పరుపు మీద పడుకోబెట్టే యుద్ధం మొదలైంది. తొట్టెల విప్పేశారు. నా బిడ్డ తలుపు మూసుకొని లోపల, నేను బయట కుర్చీలో. పిల్ల ఏడుపు కొంచెం సద్దుమణిగేది, నేను కాలు కదిపితే చాలు మళ్లీ అందుకునేది.

“బాపూ, నువ్వు దగ్గకు. నీ దగ్గు ఇన్నదంటే ఊకోదు.”

“వచ్చిన దగ్గును ఎక్కడ పెట్టుకోవాలె బిడ్డా?”

“జేబుల పెట్టుకో!”

లోపల ఇద్దరూ ఏడుస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. తలుపు తోసి పిల్లను ఎత్తుకుంటే ఒక్క నిమిషంలో ఊరుకుంటుంది. చేతులు తొడల కింద పెట్టుకొని కూర్చున్నాను. ఘాట్‌రోడ్డులో బ్రేకులు పట్టని బండిని దించిన రోజున కూడా నాకు అంత చెమట పట్టలేదు.

ఒకనాడు ఇక చూడలేక చెప్పులేసుకొని బయటికి నడిచాను. ఊరి చివర స్పార్గెల్ చేన్లు. స్పార్గెల్ అంటే మట్టి కుప్పల కింద తెల్లగా పెరిగే ఒక రకం కాడలు, ఆ దేశంలో వాటికి ఎక్కడలేని గిరాకీ. చేను పక్క బెంచీ మీద చాలాసేపు కూర్చొని, ఏడుపు వినే ఓపిక వచ్చాక ఇంటికి వెళ్లాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నా బిడ్డ గుమ్మంలో నిలబడి నోటి మీద వేలు పెట్టింది. పిల్ల పరుపు మీద బోర్లా పడి నిద్రపోతోంది. మర్నాడు నేను ఇంట్లో ఉంటే మళ్లీ అదే ఏడుపు. ఆ మర్నాడు చేనుకు పోతే మళ్లీ నిద్ర. పిల్లకు కావలసింది చీర కాదు. నేనున్నానని తెలిస్తే చీర కావాలి, అంతే.

అన్నాలు తినేటప్పుడు నేను రానని, ఖాయం చేసిన ఆ ఇంటికి మీరు ముగ్గురూ పోయి రమ్మని చెప్పాను.

“నువ్వు రాకుంటే నేను పోను. జర్మనీ వచ్చి ఏం చూసినవ్ బాపూ? స్పార్గెల్ చేన్లు చూసినవ్!”

“మంచిగనే ఉన్నయి కదనే.”

అల్లుడు గిన్నెలో చెంచా వదిలేశాడు. “మామా, నా మాట మనసుల పెట్టుకున్నరా?”

“నీ మాట పెట్టుకునేంత జాగ లేదు అల్లుడా. నేనొస్తే పిల్ల అక్కడ కూడా పండదు. గా నీళ్ల ఒడ్డుకు పోయి ముగ్గురు ఏడుస్తరా?”

నా బిడ్డ చాలాసేపు వాదించింది, తర్వాత కోపంతో మాట్లాడడం మానేసింది, పోయే రోజు పొద్దున మాత్రం నాకు అన్ని పూటలకూ పప్పూ చారూ వండి డబ్బాల్లో పెట్టింది. కారు సీట్లో బెల్టు బిగించాక పిల్ల నా వైపు చేతులు చాచింది. నేను కావాలనే వెనక్కి తిరిగి చెత్తడబ్బాల మూతలు సరిచేస్తూ నిలబడ్డాను.

ఆ మధ్యాహ్నం ఫోన్ బల్ల మీద పెట్టుకొని దాని ఎదురుగా కూర్చున్నాను. పప్పు వెచ్చబెట్టుకోబుద్ధి కాలేదు. కొత్త చోటు, కొత్త పరుపు, కొత్త వాసన. పిల్ల పడుకోకపోతే నా బిడ్డ రేపే సామాను సర్దుకొని వస్తుంది, వచ్చి ఉద్యోగానికి రాజీనామా రాస్తుంది, ఆమె సంగతి నాకు తెలుసు. ఎప్పటికో మోగింది. బిడ్డ గుసగుసగా మాట్లాడింది.

“పన్నది బాపూ. ఉత్త పరుపు మీదనే పన్నది.”

మంచిదన్నాను. ఆమె పెట్టేస్తుందని నేను, నేను పెట్టేస్తానని ఆమె, అట్లా ఫోన్ పట్టుకునే ఉన్నాము.

వాళ్లు తిరిగి వచ్చాక పిల్ల కీటాలో కుదురుకుంది, నా బిడ్డ చేరవలసిన రోజుకు ఆఫీసుకు వెళ్లింది, నేను విమానం ఎక్కాను. మనవరాలు ఇప్పుడు బడి పిల్ల. ఫోన్‌లో జర్మన్‌లో ఏదో అంటుంది, నేను తెలుగులో ఏదో అంటాను, ఇద్దరం తృప్తిగానే పెట్టేస్తాము.

మన కాలంలో పిల్లలకు నిద్ర నేర్పడమనే మాటే లేదు. ఇంట్లో ఎవరి చేయి ఖాళీగా ఉంటే ఆ చేతి మీద పడుకునేవాళ్లు, అమ్మమ్మో, మేనత్తో, బీడీలు చుట్టుకుంటూ కాలితో ఊపే పక్కింటామెనో. ఇప్పుడు ఎవరి నిద్ర వాళ్లే తెచ్చుకోవాలి, అది రాకపోతే తల్లి ఉద్యోగం కూడా నిలబడదు. తప్పని నేననను, నా బిడ్డ తన కాళ్ల మీద తాను నిలబడి ఉన్నదంటే అందుకే. కానీ పిల్లకు నేర్పుతున్నప్పుడు ఆ ఇంట్లో నేర్చుకోవలసిన వాళ్లు ఇంకొకరున్నారని ఎవరమూ అనుకోలేదు. పక్కన ఎవరి ఊపిరీ వినపడకుండా పడుకోవడం దానికి కొద్దిరోజుల్లోనే వచ్చింది. నాకు ఇంకా సరిగా రాలేదు.