బోడిపోతు సంతానం

బెళుగుప్ప దగ్గరి ఆ పల్లెలో సిద్దమ్మ మేకలు ఏవో ఎవరినీ అడగనక్కర్లేదు. మందలో ఒక్కదానికీ కొమ్ములుండవు. తాను కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో ఒక మేక కొమ్ము విసిరితే సిద్దమ్మకు ఎడమ కన్ను పోయింది. అప్పటినుంచీ కొమ్ము మొలిచిన పిల్లనల్లా సంతకు తోలేసి, బోడివాటినే ఉంచుకుంటూ వచ్చింది. పోతునూ బోడిదాన్నే సాకేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మనిషి. అత్తలో మంచి, వేములో తీపి వెతకకూడదంటారు గానీ, ఆమె కోడలు సరళ పాపం చాలాకాలం వెతికింది.

సరళది బత్తలపల్లె. తిప్పేష్‌ను చేసుకుని వచ్చి ఆరేళ్లయినా కడుపు పండలేదు. అనంతపురంలో ఆసుపత్రికి తీసుకుపోతే, పరీక్షలన్నీ చేసి, అమ్మాయికి ఏ లోపమూ లేదు, ఈసారి మొగుణ్ని తీసుకురండి అన్నారు. సిద్దమ్మ అక్కడే చీర దులుపుకుని లేచింది.

"మావాడు మగోడప్పా. వానికేం పరీచ్చ?" అన్నది.

తిప్పేష్ ఆసుపత్రికి పోనే లేదు. తల్లికీ పెళ్లానికీ మధ్య అడకత్తెరలో పోకచెక్క అని ఊళ్లో జాలిపడేవాళ్లు. పోకచెక్క కాసేపైనా గట్టిగా నిలుస్తుంది. తిప్పేష్‌కు ఆ పాటి గట్టిదనం కూడా లేదు.

ఆ తర్వాత మొక్కులు మొదలయ్యాయి. తడిబట్టలతో నాగులకట్ట చుట్టూ తిరగడం, శనివారాలు ఒక్కపొద్దులు, ఎవరు ఏ దేవుణ్ని చెబితే ఆ దేవుడికి ముడుపు. సిద్దమ్మ అన్న బసప్పకు పెళ్లీడు కూతురుంది. మొక్కులు ఫలిస్తాయేమో చూసి, ఫలించకపోతే ఆ పిల్లను తెచ్చి తిప్పేష్‌కు చేయాలని అత్త మనసులో ఖాయం చేసుకుంది. దాచుకోనూ లేదు, కోడలి ముందే అన్నది. కాబట్టి దేవుళ్లు తేల్చేదాకా ఆ ఇంట్లో సరళకు చోటుంది. సరళకు అది తెలుసు, అందుకే కాళ్లు బొబ్బలెక్కినా తిరిగేది.

గోరుచుట్టు మీద రోకటిపోటులాగా ఇంతలో మేకల గొడవ వచ్చింది. ఇంట్లోనే పుట్టి పెరిగిన పోతు ఒకటి మందకు మొనగాడైంది. దానికి పుట్టిన పిల్లలన్నీ బోడివే. కొమ్ము మొలిచిందని అమ్మేయాల్సిన పిల్ల ఒక్కటీ పుట్టలేదు. "నా పోతంటే అట్లుండల్ల," అని సిద్దమ్మ ఊరంతా చెప్పుకుంది. రాజు అని పేరు పెట్టి, మనుషులకు లేని చెనక్కాయ చెక్క దానికి పెట్టేది. ఆ రాజు కూతుళ్లు ఎదిగాయి గానీ, సగానికి సగం చూలు కట్టలేదు. పైగా పోతుల్లాగా వాసన కొడుతూ, తోటి మేకల మీదికే ఎగబడేవి.

సిద్దమ్మ కారణం వెతకడానికి దూరం పోలేదు. "గొడ్రాలి చెయ్యి పడె, నా మేకలు గొడ్డుపాయె!" అని వీధిలో నిలబడి నోరు చేసుకుంది. ఆ రోజునుంచి సరళ దొడ్లో కాలు పెట్టకూడదు. పొద్దున మంద బయలుదేరేటప్పుడు ఆమె ముఖం ఎదురురాకూడదని లోపల పెట్టి గొళ్లెం వేసేవాళ్లు. మేకలు ఊరు దాటాక తీసేవాళ్లు. ఎప్పుడైనా మరిచిపోతే మధ్యాహ్నం దాకా తీసేవాళ్లు కాదు. ఊరి ఆడవాళ్లూ తక్కువ తినలేదు. చూలింతలు ఆమెను చూసి కొంగు కప్పుకునేవాళ్లు.

మేకలకు టీకాలు వేయడానికి పశువుల డాక్టరు ప్రసూన ఊళ్లోకి వచ్చింది. అది విని సరళ పరుగెత్తుకుంటూ పోయి, నలుగురూ చూస్తుండగానే ఆమె చెయ్యి పట్టుకుంది.

"మేడం, మా మేకలు గొడ్డుపోయింది నా వల్లనేనంట. నువ్వొచ్చి చూసి, అవునో కాదో చెప్పిపో," అన్నది.

డాక్టరమ్మ వచ్చింది. రాజు కూతుళ్లను ఒక్కొక్కదాన్నే పట్టించి తోక ఎత్తి చూసింది. మంద మొత్తాన్ని చూసింది. వాకిలి నిండా జనం పోగయ్యారు.

"అవ్వా, కొమ్ములు మొలవనియ్యని జన్యువు ఒకటుంటుంది," అని సిద్దమ్మకు చెప్పింది. "తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, జోడుగా వచ్చిందంటే ఆడపిల్లకు తల్లి కడుపులోనే అండాశయం సరిగా తయారుకాదు. అండాలే ఉండవు. పైకి చూస్తే ఆడమేకే, ఈనే యోగం మాత్రం లేదు. మీ పోతులో ఆ జన్యువు జోడుగా ఉన్నట్టుంది. అందుకే దాని పిల్లలన్నీ బోడివే. తల్లులూ బోడివే అయ్యేసరికి ఆడపిల్లల్లో సగం ఇట్లా పుట్టాయి. కొమ్ముల పోతును తెచ్చుకోండి, ఈ బాధ ఉండదు. ముందు దీన్ని అమ్మేయండి."

"అయితే నా చెయ్యి తగిలి కాదు గదా మేడం?" సరళ ఊరంతా వినేటట్టు అడిగింది.

"నీ చెయ్యేం చేస్తుందమ్మా!"

సరళ ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. అన్నేళ్లలో ఆమె తరఫున ఒక మనిషి నోరు తెరిచి మాట్లాడడం అదే మొదలు.

సిద్దమ్మ మాత్రం రాజు వీపు నిమురుతూ నిలబడింది. "మందు లేదా డాక్టరమ్మా?"

"లేదవ్వా. పుట్టుకతోనే వచ్చింది."

"మొక్కుకుంటే?"

"మొక్కులకు పోయేది కాదు. ఎన్నేళ్లు మేపినా ఈనవు. వాటిని కోతకు అమ్మేసుకోవడమే," అని చెప్పి, డాక్టరమ్మ తర్వాతి ఇంటికి పోయింది.

సిద్దమ్మ మొద్దు కాదు. విన్నదాన్ని నాలుగు రోజులు వక్కాకుతోపాటు నమిలింది. ఆ నాలుగు రోజులు గొళ్లెం పడలేదు. సరళ కడుపునిండా సంగటి తిన్నది. తన మాట నెగ్గిందనుకుంది, వెర్రిది. ఐదో రోజు శనివారం, తలస్నానం చేసి గుడికి బయలుదేరుతుంటే అత్త పిలిచింది.

"యాడికే? పోవాల్సిన పని లేదులే. పుట్టుకతోనే లేకుంటే దేవుడు మాత్రం యాడనుంచి తెస్తాడు? చదువుకున్నామె, నువ్వు పిల్చుకొచ్చినామే చెప్పె గదా."

సరళ గడప దగ్గరే వెనక్కి తిరిగింది. "అది మేకల సంగతి గదత్తా! నాకు అన్నీ బాగుండాయని ఆసుపత్రిలో చెప్పలేదా? చూపిచ్చుకోవాల్సింది నీ కొడుకు. మేకల్లోనైనా పోతును మార్చమనే గదా ఆమె చెప్పింది?"

చెంప పగిలింది. "నా కొడుకును పోతుతో పోలుస్తావా, ముండా!"

కోడలిని మేకతో పోల్చవచ్చు, కొడుకును పోతుతో పోల్చకూడదు. న్యాయం ఆ ఇంట్లో అట్లాగే నడిచేది.

మంగళవారం ధర్మవరం బేరగాడి టెంపో వచ్చింది. ఈనని మేకలన్నీ వెనక ఎక్కాయి. రాజు ఎక్కలేదు. దాన్ని అమ్మడానికి సిద్దమ్మకు చేతులు రాలేదు. ఆ తర్వాత ఆమె ఇంట్లోకి పోయి సరళ బట్టల సంచి తెచ్చి, మేకల మధ్య పడేసింది.

"బత్తలపల్లె మీదనే పోతాదంట. ఈ యమ్మిని ఆడ దింపేయప్పా," అని డ్రైవరుతో చెప్పింది.

సరళ మొగుడి వైపు చూసింది. తిప్పేష్ అరుగు మీదనుంచి లేచాడు. గబగబా టెంపో దగ్గరికి వస్తున్నాడు. ఆరేళ్లలో అతను తన కోసం లేచి రావడం ఆమె ఎప్పుడూ చూడలేదు. సంచి దింపుతాడనే అనుకుంది, ప్రాణం లేచి వచ్చింది. పక్కకు జరిగి చోటిచ్చింది కూడా.

తిప్పేష్ ఆమె రెక్క పట్టి పైకెక్కించాడు. మేకలు దూకిపోకుండా వెనక తలుపు ఎత్తి, గొలుసు లాగి బిగించాడు.

"గట్టిగా పట్టుకో," అన్నాడు. "దోవ బాగలేదు."