మా పాకగుడికి వచ్చిన వెండి గిన్నె

మా నాన్న పాస్టరు. అమ్మ పాస్టరుగారి భార్య. ఈ రెండింట్లో ఏ ఉద్యోగం కష్టమో మా ఇంట్లో పెరిగినవాళ్ళని అడగాలి. నాన్నకి నెలనెలా జీతమైనా వచ్చేది.

ఇది డెబ్బైల్లో సంగతి. నేను బెజవాడలో టీచరుగా కొత్తగా చేరాను. శనివారం ఒంటిపూట బడి వదలగానే బస్సెక్కి, హనుమాన్ జంక్షన్‌లో దిగి, ఇంకో బస్సు పట్టుకుని మా ఊరు చేరేదాన్ని. మర్నాడు గుడిలో రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు సంస్కారం ఉందంటే, బస్సెక్కే ముందు గవర్నర్‌పేటలో ఎండుద్రాక్ష కొనాల్సిందే. మా గుడికి ద్రాక్షారసం సీసాల్లో వచ్చేది కాదు. అమ్మ శనివారం సాయంత్రం ఎండుద్రాక్ష నానబోసి, తెల్లవారగానే పిసికి, పలచటి గుడ్డలో వడగట్టి, కాచి చల్లార్చేది. ఆ పని ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. నేను చేస్తానంటే, "నీకు నోరూ తొందరే, చెయ్యీ తొందరే" అనేది.

మా గుడి తాటాకు పాక. ఊరి చివర, కాలవ గట్టు పక్కన, మా పేటలో ఉండేది. అందరం చాపల మీదే కూర్చునేవాళ్ళం. సంస్కారానికి ఒకటే గిన్నె. దాని మీది వెండిపూత ఎప్పుడో పోయి ఇత్తడి బయటపడింది. అందరూ వరసగా మోకరిస్తే, నాన్న ఆ గిన్నె ఒక్కొక్కరి నోటికీ అందించి, అంచు తెల్లగుడ్డతో తుడిచి, పక్కవారికి ఇచ్చేవారు. ఆడవాళ్ళ వరసలో మొదట ఎప్పుడూ మామ్మే ఉండేది. ఆమె ఎవరికి మామ్మో తెలియదు కానీ పేటంతా అలాగే పిలిచేది. బతుకంతా వరినాట్లు వేసి వేసి నడుం వంగిపోయింది.

ఆ గిన్నె సంగతి అర్థం కావాలంటే మా బస్‌స్టాపు దగ్గర టీ హోటలు సంగతి చెప్పాలి. అక్కడ మా పేటవాళ్ళకి గ్లాసులు వేరే. బయట గోడ గూట్లో ఉండేవి. మనమే తీసుకుని, తాగి, కడిగి, మళ్ళీ ఆ గూట్లోనే పెట్టాలి. నేను డిగ్రీ చదివి, బెజవాడలో పిల్లలకి పాఠాలు చెప్పి వచ్చినా నాకూ ఆ గూటి గ్లాసే. అక్కడ తాగద్దని నాన్న మాట. అందుకే ఎంత దాహమేసినా ఆ హోటలు గడప తొక్కేదాన్ని కాదు.

"నేను ప్రభువుని నమ్ముకుంది ఆ గిన్నె చూసేనమ్మా" అనేది మామ్మ. "మొదటిసారి నా నోటికి అందించినప్పుడు వొణికిపోయాను. నా తరవాత ఆ గిన్నె పారేస్తారేమో అనుకున్నా. పారెయ్యలా. పక్కనోళ్ళకి ఇచ్చారు."

ఆ రోజుల్లోనే ఊళ్ళో రైసుమిల్లు యజమాని కుటుంబం మా గుడికి రావడం మొదలుపెట్టింది. పెద్ద కులం, పెద్ద కమతం. ఆయన భార్యకి జబ్బు చేసి, డాక్టర్లు పెదవి విరిస్తే, నాన్న వెళ్ళి ప్రార్థన చేశారు. ఆమె లేచి తిరిగింది. ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళ భక్తి దొంగభక్తి అని నేననను. మాతోపాటే చాపల మీద కూర్చునేవారు. సంస్కారం వేళకి మాత్రం ఏదో ఒక పని గుర్తొచ్చి లేచి వెళ్ళిపోయేవారు.

ఒకరోజు ఆయన మా వసారాలోకి వచ్చి, గుడికి ఇటుక గోడలు కట్టించి, పెంకులు వేయిస్తానన్నాడు. చేతిలో ఒక పెట్టె ఉంది. అందులో మెరిసిపోతున్న వెండి గిన్నె.

"మావాళ్ళ మట్టుకు ఈ గిన్నెలో ఇప్పించండి అయ్యగారూ. ఇంకేం లేదండీ, ఎంగిలని ఆడవాళ్ళు కాస్త ఇబ్బంది పడుతున్నారు."

నాన్న సరేనన్నారు. సంఘ పెద్దలూ సరేనన్నారు. ఆడవాళ్ళని ఎవరూ అడగలేదు.

నాన్న ఆశపోతు కాదు. వానాకాలం ఆరాధనలో చినుకు పడ్డ చోటల్లా బైబిలు పక్కకి జరుపుకుంటూ ఎన్నో ఏళ్ళు ప్రసంగాలు చేసిన మనిషి. పెంకుల కప్పు ఆయన కల. అది తెలిసి కూడా, ఆ శనివారం ఇంటికి వచ్చి సంగతి వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇవాళ గిన్నె, రేపు చాప, ఎల్లుండి వాళ్ళకో ఆరాధన మనకో ఆరాధన. ఏకై వచ్చి మేకై కూర్చుంటుంది నాన్నా!"

"గిన్నెలు రెండైనా అందులో ఉండేది ఒకటేగా అమ్మా" అన్నారు నాన్న నా మొహం చూడకుండా.

"హోటలు గూట్లో గ్లాసులోనూ టీ ఒకటేగా నాన్నా. మరి నన్నెందుకు తాగద్దంటావు?"

ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. అమ్మ వంటింట్లోంచి ఇదంతా వింటూనే ఉంది. నా వైపు ఒక మాటైనా అనలేదు. "ఆ ద్రాక్ష ఇటు పడెయ్, నానబొయ్యాలి" అంది. నాకు ఆవిడ మీదా కోపం వచ్చింది.

ఆదివారం బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, మూతలతో రెండు గిన్నెలు పెట్టి ఉన్నాయి. మిల్లుగారి కుటుంబం ఆ రోజు లేచి వెళ్ళకుండా కూర్చుంది. రొట్టె పంచడం అయింది. నాన్న వెండి గిన్నె మూత తీశారు. లోపలికి చూసి అలాగే ఆగిపోయారు.

గిన్నెలో చుక్క రసం లేదు. అమ్మ మొత్తం పాత గిన్నెలోనే పోసింది.

నాన్న తలెత్తి అమ్మ వైపు చూశారు. ప్రార్థన వేళ అమ్మ ఎప్పుడూ తల మీద కొంగు కప్పుకుని కళ్ళు మూసుకునేది. ఆ వేళ కొంగు ఉంది కానీ కళ్ళు తెరిచే ఉన్నాయి. తిన్నగా ఆయన్నే చూస్తోంది. పాత గిన్నెలోది కాస్త అందులోకి వంచుకోవడం నాన్నకి క్షణం పని. ఆయన చెయ్యి అటు వెళ్ళింది కూడా. ఈయన వంచితే నేను మళ్ళీ ఈ గుడిలో ఎలా కూర్చోవడం అనుకున్నాను.

నాన్న వెండి గిన్నె మీద మూత పెట్టేశారు.

"ఈ రెండో గిన్నె పెట్టించింది నేను. తప్పు నాది" అన్నారు అందరూ వినేలా. "ప్రభువు బల్ల మీద గిన్నె ఒక్కటే. ఇందులో తాగగలిగినవాళ్ళు రండి."

మామ్మ అందరికంటే ముందు లేచింది. మిల్లుగారు కూడా లేచారు, కానీ ఇంటివాళ్ళని వెంటబెట్టుకుని బయటికి నడిచారు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ నాన్న అమ్మతో, "ముందే ఒక మాట చెప్పొచ్చుగా" అన్నారు.

"చెబితే మీరు నాకు సర్దిచెప్పేవారు. మాటల్లో మిమ్మల్ని గెలవగలనా?" అంది అమ్మ.

నాన్న నవ్వేశారు. నేను ముందురోజు అంత నోరు చించుకున్నా కదలని మనిషి!

మర్నాడు అమ్మే వెండి గిన్నె గుడ్డలో చుట్టుకెళ్ళి మిల్లుగారి భార్యకి అప్పగించి వచ్చింది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎన్నిసార్లు అడిగినా నాకు చెప్పలేదు. పెంకులు రాలేదు. సంఘ పెద్దలు కొన్నాళ్ళు సణిగి, వానలు పడేలోగా వాళ్ళే తాటాకు కొట్టుకొచ్చి కప్పు మళ్ళీ నేశారు. ఎప్పటిలాగే రెండు చోట్ల కురిసింది.

మళ్ళీ సంస్కారం ఆదివారం వచ్చింది. పాట మధ్యలో మిల్లుగారి భార్య వచ్చింది, ఒక్కతే, కాలవ గట్టున నడుచుకుంటూ. ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. వరసలోకి రమ్మన్నప్పుడు వెళ్ళి మామ్మ పక్కన మోకరించింది. మామ్మ తాగింది. నాన్న అలవాటుగా అంచు తుడవడానికి తెల్లగుడ్డ పైకెత్తారు.

"తుడవకండి అయ్యగారూ" అందామె.

నాన్న చెయ్యి ఆగింది. గిన్నె అలాగే, మామ్మ పెదవులు తగిలిన చోటే, ఆమెకి అందించారు. ఆమె తాగింది. మామ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను అమ్మ వైపు చూశాను. ఈసారి అమ్మ కళ్ళు మూసుకునే ఉంది.

గర్వం పాపమని నాన్న ఎన్ని ప్రసంగాలు చేశారో లెక్కలేదు. చిన్నప్పటినుంచీ నా తప్పులన్నీ దేవుడి ముందు ఒప్పుకుంటూనే వచ్చాను. మా అమ్మని చూసి ఆ రోజు నాకు కలిగిన గర్వాన్ని మాత్రం ఇప్పటిదాకా ఒప్పుకోలేదు, ఒప్పుకోను కూడా.