తెర మీద ఎర్రపట్టీ

మొన్న ఆదివారం చర్చిలో నా పరువు ఎట్లా పోయిందో చెప్తాను. నవ్వనని మాటిస్తేనే!

మా తోటపల్లి గూడూరు చర్చిలో పాటల కోసం తెర పెట్టాలని ఆరునెలలు పోరింది నేనే. చివరికి పాస్టర్ గారు ఒప్పుకున్నారు గానీ, ఒక మెలిక పెట్టారు. "ఈ ఒక్క వారం చూస్తాం తమ్ముడూ. కుదర్లేదా, మళ్ళీ పాటల పుస్తకాలే."

అంత ముఖ్యమైన రోజు ముందు బుద్ధున్నవాడెవడైనా ల్యాప్‌టాప్ జోలికి పోతాడా? నేను పోయాను! శనివారం కూర్చుని లినక్స్‌లో కొత్త విండో మేనేజర్ వేశాను. తెర మీద ఏ విండో ఎక్కడ తెరుచుకోవాలో చూసుకునే ప్రోగ్రామ్ అన్నమాట. ఆన్ చెయ్యగానే పాట తెరంతా నిండింది. బ్రహ్మాండం! అక్కడితో ఆగానా? టీ తాగొచ్చి సెట్టింగుల్లో ఇంకో లైను చేర్చి, మళ్ళీ ఆన్ చేసి చూసుకోకుండానే పడుకున్నాను.

ఆదివారం. చర్చి నిండా జనం. ల్యాప్‌టాప్ ఆన్ చేశాను. పాట లేదు! పైన ఎర్రపట్టీ, దాంట్లో ఏదో ఇంగ్లీషు. చటుక్కున మూసేశాను. రీస్టార్ట్. మళ్ళీ పట్టీ. మళ్ళీ మూసేశాను. కేబుల్ పీకి పెట్టాను. ప్రొజెక్టర్ ఆపి మళ్ళీ వేశాను. కీబోర్డు వాయించే అన్న అదే పల్లవి నాలుగోసారి వాయిస్తూ నన్నే చూస్తున్నాడు.

"లో వోల్టేజీ అండీ" అన్నాను పాస్టర్ గారితో. నెత్తిన ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి.

ఇక్కడ ల్యాప్‌టాప్‌లో ఏది వస్తే అది నా వెనక గోడంత తెర మీద పడుతోంది కదా! జనమంతా చదువుతున్నారు, నేను తప్ప.

ఆరోసారి మూయబోతుంటే ముందు వరసలోంచి ఎస్తేరమ్మ టీచర్ లేచింది. రిటైరైన ఇంగ్లీషు టీచర్, మా అమ్మకు కూడా పాఠం చెప్పిన మనిషి.

"ఒరే అబ్బయా, మూయబాక! అది ఇందాకట్నించి మొత్తుకుంటా ఉంటే చదవకుండా దాని నోరు మూసేస్తాండావే!"

కళ్ళద్దాలు సర్దుకుని, బైబిలు వాక్యం చదివేటంత గట్టిగా తెలుగులో చెప్పింది. "పద్దెనిమిదవ లైనులో తప్పు ఉన్నది. ముగింపు బ్రాకెట్టు లేదు. సరిచేసుకొనుము."

అలవాటు కొద్దీ చర్చి చర్చంతా ఒక్క గొంతుతో, "ఆమేన్!"

పద్దెనిమిదో లైను ఎవరిదంటారా? శనివారం టీ తర్వాత నేను చేర్చిందే. బ్రాకెట్ పెట్టాను. రెండు సెకన్లలో పాట వచ్చేసింది. తలెత్తి పాడటానికి మాత్రం నాకు మొహం చెల్లలేదు.

ఆరాధన అయ్యాక పాస్టర్ గారు భుజం మీద చెయ్యేశారు. "తెర ఉంటుంది తమ్ముడూ." హమ్మయ్య అనుకునేలోపే, "కాకపోతే వచ్చే వారం నుంచి టీచర్ గారు నీ పక్కన కూర్చుంటారు. ఏదన్నా వస్తే ఆమె చదువుతారు, నువ్వు నొక్కు" అన్నారు.

ఇంకా నేనేం పని చేస్తానో మీకు చెప్పలేదు కదూ? కృష్ణపట్నంలో ఒక ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేస్తాను. రోజూ అందరినీ కసిరేది ఒక్కదానికే: "ఎర్రర్ వస్తే చదవకుండా ఎందుకు మూసేశారు సార్?"