అప్పాసామి కూర్చున్నాకే యంత్రం

కోవిల్‌పట్టి అప్పాసామికి ఒకటే పిచ్చి. ఇంటి బయట పెట్టే ఏ యంత్రాన్నైనా గోడకు బిగించే ముందు, అది ఉండబోయే చోట తానొక పగలంతా కూర్చుంటాడు.

అది ఏసీ బయటిపెట్టె కావచ్చు, ఇప్పుడు కొత్తగా వస్తున్న హీట్ పంపు కావచ్చు. ఇంటివాళ్ళు "ఇదిగో, ఇక్కడ పెట్టండి" అని వేలు చూపించగానే బండి మీంచి ముక్కాలిపీట దించుతాడు. సరిగ్గా ఆ వేలు చూపిన చోట వేస్తాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని కూర్చుంటాడు. ఇక పొద్దు వాలేదాకా దేవుడు దిగివచ్చినా లేవడు. ఎందుకని అడిగితే ఒకటే జవాబు: "పదహైదేండ్లు అది ఈడ ఉండాల. నేను ఒగ నాడు ఉండలేనా?"

మనిషిని తక్కువ అంచనా వేయకండి. కయత్తారు పక్క నల్లరేగడి పల్లెలో ఐదో తరగతి దాకా చదివాడు. ఆరో తరగతికి బడి లేదు కానీ బుర్ర ఉంది. ఆ చుట్టుపక్కల మొట్టమొదట ఫ్రిజ్ విప్పినవాడు అతడే. విప్పినదాన్ని తిరిగి బిగించి ఆడించిన మొదటివాడు కూడా అతడే. తిరుత్తంగల్ అచ్చాఫీసుల ఏసీలు, గాలిమరల కంపెనీ విడిది ఇల్లు, వత్రాప్ కొబ్బరితోటల్లోని బంగళా, అన్నీ కలిపి ఇప్పటికి నాలుగు వందల పన్నెండు పెట్టెలు అతని చేతి మీదుగా గోడెక్కాయి. ఒక్కటి వదులై ఊగిందా? ఒక్కటి గ్యాసు కార్చిందా? ఏటేటా వెళ్ళి పళ్ళు తోమినట్టు వాటి రేకులన్నీ తోమి వస్తాడు. అరవై ఆరేళ్ళ వయసులో ఇప్పటికీ నిచ్చెన మీద అతని కాలు వణకదు.

వణికేదల్లా అతన్ని పనికి పిలిచినవాళ్ళే.

ఒకసారి తిరుత్తంగల్‌లో ఒక కౌన్సిలర్ ఇంటి పక్కన ఇలాగే పీట వేసుకుని కూర్చున్నాడు. దారిన పోయే ఎదుటి పార్టీ మనిషి ఒకడు చూసి, ముసలాయన ధర్నా చేస్తున్నాడనుకుని తానూ పక్కన కూర్చున్నాడు. పదిగంటలకు పదకొండు మంది అయ్యారు. మధ్యాహ్నానికి మైకు వచ్చింది. కౌన్సిలర్ హడలిపోయి బయటికొచ్చి, వీధి కాలవ బాగు చేయిస్తానని అందరి ముందూ కాగితం మీద రాసిచ్చాడు. సాయంకాలం అప్పాసామి లేచి, "ఈ చోటు కాదు, ఈడ గాలికి ముడి పడతా ఉండాది" అని పెట్టెను మేడమీదికి మార్చేశాడు. ఆ కాలవ ఇప్పటికీ బాగానే పారుతోంది.

ఇంకోసారి ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్ ఇల్లు. గేటు దగ్గరి కానిస్టేబుల్ అప్పాసామిని ఫిర్యాదుదారు అనుకుని మూడుసార్లు రేపు రమ్మన్నాడు. లేవలేదు. చివరికి ఐదు గంటలకు లోపలికి పిలిచి ఎవరి మీద ఫిర్యాదు అని అడిగారు. "నైరుతి గాలి మీద" అన్నాడు. వాళ్ళు అలవాటు కొద్దీ రాసుకున్నారు. అక్కడా పెట్టె చోటు మారింది. కాయిలుకు ఏకాంతం కావాలన్నాడు.

గాలికి ముడి పడడం, కాయిలుకు ఏకాంతం కావాల్సిరావడం, గ్యాసుకు కళ్ళు తిరగడం. ఈ శాస్త్రం సెల్వరాజ్‌కు అంతుపట్టేది కాదు. కోవిల్‌పట్టి బస్టాండు దగ్గర యంత్రాల దుకాణం అతనిదే, అప్పాసామి పనిచేసేది అతని దగ్గరే. వరసకు మామ అవుతాడు కాబట్టి గట్టిగా ఏమీ అనలేడు. పైగా సెల్వరాజ్ డిప్లొమా చదివినవాడు. ఇవేవీ పుస్తకంలో లేవు మామా అని ఒకసారి అననే అన్నాడు. "పుస్తకం రాసినోడు ఈడొచ్చి కూర్చున్యాడా?" అని అడిగాడు అప్పాసామి. 

అలాంటి సెల్వరాజ్‌కు ఈ ఏడు విరుదునగర్‌లో పెద్ద గండం వచ్చిపడింది.

వసంతకుమార్ అని అక్కడొక బిల్డరు. బైపాస్ పక్కన నలభై ఫ్లాట్లు కడుతున్నాడు. నలభైకీ హీట్ పంపులు పెట్టించాలని అతని ఆలోచన. బయటి పెట్టె గాలిలోని వేడిని లాగి లోపలి ట్యాంకు నీళ్ళకు పట్టిస్తుంది, చల్లబడ్డ గాలిని బయటికి వదిలేస్తుంది. విరుదునగర్ గాలిలో వేడికి కరువా? మరుగుతున్న గాలిని ఊరికే పోనిస్తున్నామని వసంతకుమార్ బాధ. అయితే ముందు తన సొంత కొత్త ఇంట్లో ఒకటి పెట్టి చూపించమన్నాడు. శుక్రవారం పొద్దున గృహప్రవేశం. భాగస్థులందరూ వస్తారు. వాళ్ళు కుళాయి తిప్పితే వేడినీళ్ళు రావాలి. వస్తే నలభై యంత్రాల పని సెల్వరాజ్‌ది. రాకపోతే మదురై దుకాణం వాళ్ళు సిద్ధంగా ఉన్నారు.

ఈసారి మామను కూర్చోనిచ్చేది లేదని సెల్వరాజ్ పళ్ళు బిగించి తీర్మానించుకున్నాడు. బుధవారం తెల్లవారి బండి కదిలే ముందు ముక్కాలిపీటను చల్లగా దించి దుకాణంలో దాచేశాడు. సాత్తూరు దాటేదాకా గెలిచాననే అనుకున్నాడు.

కొత్త ఇల్లు కదా, పెరడంతా ఖాళీ పెయింటు డబ్బాలే. వసంతకుమార్ పెరటి పడమటి గోడ చూపించగానే అప్పాసామి ఒక డబ్బాను బోర్లించి కూర్చున్నాడు.

ఆ రోజు ఎలా గడిచిందో సెల్వరాజ్‌కే తెలుసు. వసంతకుమార్ గంటకోసారి వచ్చి, పెద్దాయన ఇంకా ఏం చేస్తున్నాడని తమిళంలో అడిగాడు. కొలతలు చూస్తున్నాడని మొదట, గోడ బలం చూస్తున్నాడని తర్వాత, వయసైంది కదా సార్ అని ఆఖరున సెల్వరాజ్ సర్దాడు. పొద్దు వాలాక అప్పాసామి లేచి నడుము పట్టుకుని, ఈ గోడ వద్దు, వీధి గేటు పక్కన మూల బాగుందన్నాడు. ఆ మూలలో సిమెంటు హంసలతో ఫౌంటెన్ పెట్టాలని వసంతకుమార్ భార్య ప్రియా ఆరు నెలలుగా అనుకుంటోంది. ఎందుకు వద్దని వసంతకుమార్ అడిగాడు. గ్యాసుకు పడమటి గోడ పడదట.

వసంతకుమార్ అరవలేదు. అదే భయం. రేపు సాయంకాలంలోగా పడమటి గోడ మీద యంత్రం ఆడాలి, లేదంటే మదురైకి ఫోను చేస్తానని మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు.

గురువారం సెల్వరాజ్ తానే డ్రిల్లు పట్టుకొచ్చాడు. నాలుగు రంధ్రాలు, రెండు బ్రాకెట్లు, అరగంట పని. తీరా పెరట్లోకి వెళితే అదే డబ్బా మీద అప్పాసామి. నలభై ఏళ్ళ వృత్తిలో ఒకే చోట రెండో రోజు కూర్చోవడం అదే మొదలు.

సెల్వరాజ్ బతిమాలాడు. దుకాణం సంగతి చెప్పాడు, నలభై ఫ్లాట్ల సంగతి చెప్పాడు, చనిపోయిన తన నాయన పేరు కూడా తీశాడు. అప్పాసామి అన్నీ విన్నాడు. పదకొండయ్యాక లేచాడు.

"మాత్ర వేసుకోవాల. రెండు ఇడ్లీ తినేసి వస్తా. అందాక నువ్వీడ కూర్చో అల్లుడా. డ్రిల్లు ముట్టేది నేనొచ్చినాక."

"సరే మామా" అన్నాడు సెల్వరాజ్. ఇడ్లీ తినే వేళకు నాలుగు రంధ్రాలూ అయిపోతాయని లోపల లెక్క వేసుకున్నాడు.

పెన్సిలు గుర్తు పెట్టుకోవడానికి డబ్బా మీద కూర్చుని గోడకు చెవి దగ్గరయ్యేలా వంగాడు. అప్పుడు వినబడింది. గుర్రు... గుర్రు... గుర్రుమని సన్నటి మోత, ఒకే వేగంతో, మధ్యమధ్య కాస్త ఆగుతూ. కంప్రెసర్ ఆడుతోందనుకుని ఉలిక్కిపడ్డాడు. గొట్టాలు తగిలించకుండా, గ్యాసు వదలకుండా ఎవరు ఆడించారు? తిరిగి చూస్తే యంత్రం ఇంకా అట్టపెట్టెలోనే ఉంది, అంటించిన టేపు అంటించినట్టే ఉంది.

చెవి గోడకు ఆనించాడు. అది గురక.

ఆ గోడకే ఆనుకుని అవతల పాత వరస ఇళ్ళున్నాయి. ఒంటి ఇటుక గోడ. గురక ఆగి ఒక ఆడగొంతు నిద్రలోనే విసుక్కుంది: "మునీశ్వరీ, బాబిన్ అయిపోయె. చూడవే." మళ్ళీ గురక మొదలైంది.

విరుదునగర్‌లో వీధిలో అందరిదీ తమిళమే. ఎవరింట్లో తెలుగు ఉందో తెలియాలంటే గోడకు చెవి పెట్టాల్సిందే. సెల్వరాజ్ డ్రిల్లు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా ఉండిపోయాడు. ట్రిగ్గర్ మీది వేలు తనంతట తానే వెనక్కి వచ్చింది.

అప్పాసామి వచ్చి గోడ వైపు చూశాడు. రంధ్రాలు లేవు. పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"ఎవరు మామా ఆమె?" సెల్వరాజ్ గొంతు తగ్గించి అడిగాడు.

"పేరు వేలమ్మాళ్. పక్కింటామె అట్ల పిలిచె. నూలుమిల్లులో రాత్రి షిఫ్టు. ఏడున్నరకు వస్తాది, నీళ్ళు పోసుకుంటాది, పిల్లిని తిడతాది, పండుకుంటాది. నాలుక్కు లేస్తాది."

"నువ్వు చూసినావా ఆమెను?"

"లే. విన్యా." అప్పాసామి గోడను వేలితో చూపించాడు. "అటుపక్క బస్సుల దారి. మంచం వేసేదానికి ఈ గోడ ఒగటే నిమ్మళం. దీని మీద మిషన్ వేలాడేస్తే, పగలంతా ఆమె దిండులోనే కంప్రెసర్ ఆడతాది. ఎన్ని రబ్బర్లు వేసినా ఒంటి ఇటుక ఆపుతాదా?"

సెల్వరాజ్‌కు కోపం కూడా వచ్చింది. ఇంత సంగతి ఉంటే నిన్ననే వసంతకుమార్‌తో చెప్పవచ్చు కదా, గ్యాసు మీద ఎందుకు పెట్టడం అన్నాడు.

"చెప్తే ఏమంటాడు? మంచం జరుపుకోమని ఆమెకు చెప్పంపుతాడు. ఆమె జరుపుకుంటాది కూడా. అదే నాకు వద్దు." కాస్త ఆగి అన్నాడు: "గ్యాసు మీద తప్పేస్తే ఎవరికీ అవమానం లే."

సెల్వరాజ్ డ్రిల్లు తీసి పక్కన పెట్టాడు. తర్వాత తిరుత్తంగల్ కౌన్సిలర్ ఇంటి సంగతి అడిగాడు. ఎదురు కిటికీలో పచ్చి బాలింత ఉందట, ఏసీ వేడిగాలి నేరుగా ఊయల మీదికి కొట్టేదట. ఇన్‌స్పెక్టర్ ఇల్లు? వెనక ఒక కలైసెల్వి అనే అమ్మాయి పరీక్షకు పైకి చదువుకుంటూ ఉందట. "మంచి గొంతు. చరిత్రంతా నాకూ వచ్చేసె" అన్నాడు అప్పాసామి. సెల్వరాజ్ మిగిలిన నాలుగు వందల పదీ అడగలేదు.

అంతలో వసంతకుమార్ పెరట్లోకి వచ్చాడు. గోడ చూశాడు, ఫోను బయటికి తీశాడు.

సెల్వరాజ్ లేచి నిలబడ్డాడు. డిప్లొమా చదివిన ముఖం పెట్టాడు. "సార్, నేను స్వయంగా పరీక్ష చేశాను. పెద్దాయన చెప్పింది నిజం. మధ్యాహ్నపు ఎండ పడమటి గోడలోంచి వెనకనుంచి తగిలితే, రాగి గొట్టంలో గ్యాసు ఎదురు తిరుగుతుంది. దీన్ని రివర్స్ థర్మల్ షైనెస్ అంటారు. జపాన్‌లో అయితే పడమటి గోడకు పర్మిషనే ఇవ్వరు."

అప్పాసామి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

"పైగా గేటు పక్కన పెడితే ఇంకొకటుంది సార్. ఇది చల్లగాలి వదులుతుంది. రేపు మీ భాగస్థులు కారు దిగి లోపలికి అడుగు పెట్టగానే, ఈ ఎండలో, గేటు దగ్గరే చల్లగా తగులుతుంది. హంసలను పక్కనే పెట్టండి. ఫౌంటెన్ వల్లే ఆ చల్లదనం అనుకుంటారు."

వసంతకుమార్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ప్రియాను పిలిచి అడిగాడు. హంసలకు ఏసీ అన్నమాట బాగానే ఉందని ఆమె అంది.

అతడు వెళ్ళాక అప్పాసామి అల్లుణ్ణి పైనుంచి కిందిదాకా కొత్తగా చూశాడు. "డిప్లొమా అంటే ఏమో అనుకుంటి. ఇంత పెద్ద అబద్దం నాకు ఐదో క్లాసులో చెప్పియ్యలే."

ఆ మధ్యాహ్నం పని చూడాలి. గేటు పక్కన రెండు కాంక్రీటు దిమ్మెలు, వాటి మీద రబ్బరు అట్టలు, వాటి మీద పెట్టె. రసమట్టం బుడగ వెంట్రుకవాసి కూడా పక్కకు జరగలేదు. లోపలి ట్యాంకు దాకా తొమ్మిది మీటర్ల రాగి గొట్టం వంపులో ఎక్కడా నలగకుండా సాగింది. గోడకు ఒకే ఒక్క రంధ్రం అవసరమైంది. దాన్ని నాలుగు దాటేదాకా అప్పాసామి వేయనివ్వలేదు. గొట్టంలోని గాలంతా పంపుతో లాగి, గ్యాసు వదిలి, ప్రతి అతుకుకూ సబ్బు నురుగు పూసి చూశారు. ఒక్క బుడగ లేవలేదు. ఆరుంపావుకు ప్రియా కుళాయి తిప్పి చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది.

వసంతకుమార్ ఆ చెయ్యి చూసి సంతోషపడ్డాడు. నలభై ఫ్లాట్లూ సెల్వరాజ్‌కే అన్నాడు. అయితే ఒక షరతు పెట్టాడు. జపాన్ పద్ధతి కాబట్టి, నలభై చోట్లా ఈ పెద్దాయన ముందుగా ఒక పగలు కూర్చుని చూస్తేనే పెట్టె బిగించాలి. కాగితంలో కూడా రాయిస్తానన్నాడు.

గేటు బయట సామాను బండికెత్తుతుంటే నీళ్ళ బిందెతో ఒకావిడ ఆగింది. వీళ్ళ తెలుగు చెవిన పడి తెలుగులోనే అడిగింది. గొంతు వినగానే సెల్వరాజ్ గుర్తుపట్టాడు.

"మీరేనా ఈ ఇంటికి మిషన్ పెట్టేదానికి వచ్చినోళ్ళు?"

"అవును తల్లీ" అన్నాడు అప్పాసామి.

"రెండు నాళ్ళాయె. పక్కింట్లోనే ఉండా, ఒగ సత్తం వినలే. పెయింటు డబ్బా మీద ఒగాయన ఊరికే కూర్చోనుండాడని వీదంతా చెప్పుకుంటా ఉండారు. నువ్వేనా?"

సెల్వరాజ్ గోడ సంగతి చెప్పబోయాడు. అప్పాసామి అతని కాలు తొక్కాడు.

"నేనే తల్లీ. వయసయిపోయె. కూర్చుంటే లేయలేకుండా ఉండా."

"కూలి తీసుకొని కూర్చుంటే ఎట్ల పెద్దాయనా? మేము మిల్లులో ఒగ నిమిసం కూర్చుంటే సూపర్‌వైజర్ ఒప్పుకుంటాడా?" వేలమ్మాళ్ బిందె చంక మార్చుకుంది. "ఈ పని నీకు కాదు. వేరే ఏదన్నా చూసుకో."

"చూసుకున్యా తల్లీ" అన్నాడు అప్పాసామి బండెక్కుతూ. "ఇంక నలబై నాళ్ళకు ఉండాది. అంతా కూర్చునే పనే."