చూరు పక్కన గాలి

జనన ధ్రువపత్రాలు ఇచ్చే ఆఫీసులో ఆవిణ్ణి అందరూ టైపిస్టక్క అంటారు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డ పేరూ మొదట కొట్టింది ఆవిడ వేళ్లే. ఆ గర్వం ఆవిడకు కాస్త ఎక్కువే. ఉండొద్దూ మరి?

ఈ మధ్య కళ్లు మొరాయించాయి. అక్షరాలు పెద్దవి చేసుకుంటే కనిపిస్తున్నాయి గానీ, మౌసు బాణం మాత్రం తెల్లటి తెర మీద బియ్యంలో తెల్లరాయిలా కలిసిపోతోంది. దాన్ని వెతుకుతూ అక్క మౌసును గిరగిరా తిప్పుతుంటే కొత్తగా వచ్చిన అధికారి చూడనే చూశాడు. సోమవారం పరీక్షిస్తానని, గంటకు ఇరవై పత్రాలు తెమలకపోతే కింద రికార్డు గదికి మారాల్సి ఉంటుందని మర్యాదగానే చెప్పాడు. కిటికీ కూడా లేని ఆ గదిని తలుచుకుంటే అక్కకు ఏడుపొచ్చింది.

పక్క సీటు గుమాస్తా ఒక ఉపాయం చెప్పాడు. తెర మీదున్న బొమ్మల్లో ఒకదాన్ని ఓ చిన్న ప్రోగ్రాములో వేస్తే, బాణానికి బదులు అదే తిరుగుతుందట. అక్క కంటికి అన్నిటికంటే బాగా ఆనింది చెత్తబుట్ట. ఇంకేం, దాన్నే పెట్టుకుంది. మర్నాడు కౌంటరు దగ్గర తొంగిచూసిన ఒక తండ్రి, తన కూతురి పేరు మీద చెత్తబుట్ట తచ్చాడుతుంటే నిలువునా నీరైపోయాడు. ఆ పేరు కోసం ఇంట్లో మూడు నెలలు గొడవపడ్డామని, దయచేసి పారేయవద్దని బతిమాలుకున్నాడు.

అక్క సిగ్గుపడి ఎర్రటి ఇంటి బొమ్మకు మారింది. ఇల్లు దివ్యంగా కనిపించింది గానీ, ఒకచోట నొక్కితే ఇంకోటి తెరుచుకునేది. రెండు పూటలు తిట్టుకున్నాక సంగతి తెలిసింది. ఆ ఇంటి బొమ్మలో నొక్కు పడే చోటు కప్పు కొన కాదు, ఎడమ చూరుకు పైనున్న ఖాళీ గాలి. దాన్ని సరిచేయడం తెలియక, చేతినే ఆ వంకరకు అలవాటు చేసుకుంది.

సోమవారం గంటలో ఇరవై మూడు పత్రాలు తెమిలాయి. వెనక నిలబడ్డ అధికారి అంతటితో ఊరుకోక ఆ ఇల్లేమిటని అడిగాడు. అక్క కుర్చీలోనే వెనక్కి తిరిగింది. ఇక దాచి లాభం లేదు.

"బాణం నాకు కనపడట్లేదు సార్. ఇల్లు కనపడుతోంది."

అధికారి మొహం చిట్లించి, తనే చేసి చూస్తానని ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు. కప్పు కొనను గురిపెట్టి నొక్కితే పత్రం రద్దయింది. మళ్లీ నొక్కితే ప్రింటరు ఖాళీ కాగితాలు కక్కింది. మూడోసారికి ఒక మగబిడ్డ ఆడపిల్లయ్యాడు. ఆయన చెమట తుడుచుకుని లేచాడు.

"ఇది మీకు తప్ప ఎవరికీ లొంగదు మేడమ్. మీరే కూర్చోండి."

ఆయన వెళ్లాక గుమాస్తా జరిగొచ్చి, ఆ నొక్కే చోటు సర్దడం రెండు నిమిషాల పనేనని, ఇప్పుడే చేసిపెడతానని అన్నాడు. అక్క మౌసు మీద చెయ్యి తీయలేదు.

"వద్దు తమ్ముడూ. నేను రిటైరయ్యేదాకా దాన్నలాగే ఉండనీ."